నాకేం తొందర లేదు

టీవీ ప్రసారాల మీద ఫిర్యాదులు వినే కార్యాలయం. విచారణ గదిలో ఒక అధికారి. ఆయనకు ఎదురుగా, కుటుంబ విలువల సంఘానికి అధ్యక్షుడైన ఒక స్కూలు ప్రిన్సిపాల్.

"ఈ ఒక్క మాటేనా?"

"ఒక్క చుక్కయినా విషం విషమే కదండీ."

"అది సరే ప్రిన్సిపాల్‌గారూ, నేనడిగేది వేరు. ఈ ఎపిసోడ్‌లో ఒక స్నానం సీనుంది. డాబా మీద పక్కింటతనితో ఆ ముద్దుంది. తాగుబోతు తిట్టే తిట్లున్నాయి, వాటిల్లో కొన్ని నాకే కొత్త. వాటి జోలికి మీరు వెళ్ళనే లేదు."

"మొదట్లో అన్నిటి మీదా పెట్టాం."

"పెట్టారు. మొన్న వచ్చి అవన్నీ వెనక్కి తీసుకున్నారు. ఇదొక్కటీ తీయించండి, మిగతాది ఎలా పోయినా ఫర్వాలేదన్నారు. అంతమంది సంతకాలు పెట్టింది దీనికోసమేనా?"

"సంఘం తరఫున నిర్ణయం తీసుకునే అధికారం నాకుంది."

"కాదన్నానా. ఒక్కసారి చదువుతాను, సరిచూసుకోండి. 'పడకగది. లైటు వెలుగుతూ ఉంటుంది. భార్య మంచం అంచున కూర్చుని, ఇవాళ వద్దండీ, ఒంట్లో బాగాలేదు, అంటుంది. భర్త చేతి వాచీ తీసి బల్ల మీద పెడతాడు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటాడు. ఆమె ఏడుస్తుంది. ఏడవడం అయ్యాక చెప్పు, నాకేం తొందర లేదు, అంటాడు.' అంతే. తర్వాతి సీనులో తెల్లారిపోతుంది."

"చదవక్కర్లేదు. నేను చూశాను."

"ఇందులో బట్ట తొలిగింది లేదు, చెయ్యి తగిలింది లేదు. ఈ 'నాకేం తొందర లేదు' అనే మాట తీసేయమంటున్నారు. నేను రోజూ ఆఫీసులో అదే అంటానండీ. ఇందులో బూతెక్కడుంది?"

"భార్యాభర్తల గదిని బజారుకెక్కించడమే బూతు. నాలుగ్గోడల మధ్య ఉండాల్సింది నట్టింట్లో తెర మీద ఆడుతుంటే, పిల్లలు చూస్తుంటే..."

"పదిన్నరకి కదండీ వేస్తోంది. ముందు పెద్దలకు మాత్రమే అని బోర్డు వేస్తారు. దానికో తాళం నంబరు కూడా పెట్టించాం."

"ఆ నంబరు పిల్లలకే తెలుసు. తల్లిదండ్రులకి వాళ్ళే నొక్కి పెడుతున్నారు."

"అది మాత్రం నిజం. మా ఇంట్లోనూ అంతే."

"మరి? ఎవర్నడిగినా ఛీ అంటున్నారు సార్ ఈ సీరియల్ని. ఒక్కళ్ళు మంచి మాట చెప్పలేదు."

"ఛీ అనేవాళ్ళే చూస్తున్నారు, నా బాధ అది. మా అత్తగారున్నారు. శుక్రవారం వచ్చిందంటే రిమోట్ కొంగున కట్టుకుంటారు. సీను సీనుకీ ఛీ ఛీ అంటారు. మధ్యలో నేను లేస్తే అడ్డం తప్పుకోమంటారు. మీ సంఘం వాళ్ళ సంగతి చెప్పనా? ఒకావిడ ఫిర్యాదులో కథంతా రాసి, చివర్న, ఆ పక్కింటతను మళ్ళీ వస్తాడా అని అడిగింది."

"మీరు హాస్యానికి తీసుకుంటున్నారు."

"లేదు లేదు. నిబంధన ప్రకారం ఏ మాట, ఎందుకు, ఎవరికి హాని, మీరు చెప్పాలి. నేను రాసుకోవాలి. అదొక్కటే."

"ఏ సంసారి ఇంట్లోనూ ఇలాంటిది జరగదు. జరగనిదాన్ని జరిగినట్టు చూపించడం కుటుంబ వ్యవస్థకే అవమానం. రాసుకోండి."

"జరగనిదైతే ఎవరికి తగులుతుందండీ? గుమ్మడికాయల దొంగంటే... పోనీలెండి, సామెత నోటికొచ్చింది, ఏమనుకోకండి."

"లోపలికి రావచ్చా సార్?"

"రండి రండమ్మా. ఛానల్ వాళ్ళు ప్లీడర్ని పంపిస్తారనుకున్నాను."

"పంపిస్తామన్నారు. రాసింది నేను కదా, నేనే వెళ్తానన్నాను."

"మంచిది, కూర్చోండి. ప్రిన్సిపాల్‌గారూ, ఈవిడే ఆ సీరియల్ రచయిత్రి. కలం పేరుతో రాస్తారు కాబట్టి మీకు తెలిసుండదు. ఏమైందండీ? మంచినీళ్ళు తెప్పించనా?"

"అక్కర్లేదు."

"మీకిద్దరికీ ముందే పరిచయమా?"

"లేదు."

"మీకమ్మా?"

"ఆయన లేదంటున్నారు కదా సార్. లేదు."

"సరే. అమ్మా, వీరి అభ్యంతరం మీ భర్త పాత్ర అనే ఒక మాట మీద."

"తెలుసు సార్. చదివాను. చాలా సంతోషించాను."

"సంతోషమెందుకు?"

"ఎపిసోడ్ అంతటిలో నేను గుండె పెట్టి రాసిన మాట అదొక్కటే. మిగతావి ఛానల్ వాళ్ళు అడిగితే రాశాను. ఆ స్నానం వాళ్ళది, ఆ ముద్దు వాళ్ళది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదే అనుకున్నాను. పట్టించుకునేవాళ్ళు ఒకరున్నారు."

"తీసేయడానికి మీకేమైనా..."

"ఎందుకు తియ్యాలో చెప్పమనండి సార్. ఒక్క కారణం చెప్తే ఇప్పుడే తీసేస్తాను. నేనూ ఆడదాన్నే, సంసారం చేసినదాన్నే."

"ప్రిన్సిపాల్‌గారూ?"

"పోనీ తీయొద్దండీ. ఆ మాట వినపడకుండా ఒక బీప్ వేయించండి. రాజీ పడతాను."

"బీప్ వేస్తే ఇంకేముందండీ. ఎంత పచ్చి బూతు తిట్టాడోనని జనం తలో మాటా ఊహించుకుంటారు. లేని బూతు గవర్నమెంటే పుట్టించినట్టవుతుంది."

"నాకు అభ్యంతరం లేదు సార్. వేయించండి. బీప్ కింద ఏ మాటుందో నలుగురూ నలుగుర్నీ అడుగుతారు. తెలియనివాళ్ళకి కూడా తెలుస్తుంది."

"నువ్వు... మీరు మధ్యలో మాట్లాడొద్దు."

"నేనేం మాట్లాడలేదండీ. ఒప్పుకున్నాను."

"ఆగండి ఇద్దరూ. ఆ సీను ఒకసారి తెర మీద చూసి తేలుద్దాం. పక్క గదిలో పెట్టమంటే పొద్దున్నుంచీ వైరు కనపడట్లేదంటున్నారు. నేను నించుంటే గాని కదలరు. నేనొచ్చేదాకా ఒకర్నొకరు తినెయ్యకండి."

అధికారి బయటికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

"నువ్వా."

"నేనే. బాగున్నావు. జుట్టుకి రంగేస్తున్నావు."

"నువ్వా రాసింది."

"విడాకులయ్యాక ఏదో ఒక పని చేసుకోవాలిగా. ఇంకోళ్ళ సీరియళ్ళకి మాటలు రాసి నేర్చుకున్నాను. ఇది నా సొంతం."

"నన్ను 'మీరు' అనేదానివి."

"అప్పుడు నీ ఇంట్లో ఉండేదాన్ని."

"ఎంత కక్ష పెట్టుకున్నావే. ఇన్నేళ్ళా?"

"వయసుతో పాటు పెరుగుతుంది. దానికి తిండి పెట్టక్కర్లేదు."

"నా సంసారాన్ని వీధిలో పెడతావా?"

"నీ పేరు పెట్టానా? ఊరు పెట్టానా? ఎవరో ఒక మొగుడు. ఎవరో ఒక పెళ్ళాం."

"ఆ మాట నాది."

"అయితే ఆయన రాగానే చెప్పు. సార్, ఆ మాట నాది, ఈవిడ దొంగిలించింది, అని కేసు పెట్టు. నాలుగు రూపాయలు నీకూ ముడతాయి."

"నీకు నవ్వులాటగా ఉంది. స్కూల్లో నా పరిస్థితి తెలుసా?"

"చెప్పు, విందాం. క్లాసులో గోల చేస్తే ఇంకా అలాగే అంటావా? చేతులు కట్టుకుని నించుని, మీ గోల అయ్యాక చెప్పండి, నాకేం తొందర లేదు, అని?"

"నేను ఎప్పట్నుంచో అనే మాటది. పిల్లలందరికీ తెలుసు. మొన్న పదో తరగతి బోర్డు మీద అదే మాట, పక్కన ఒక వాచీ బొమ్మ. తల్లిదండ్రుల మీటింగులో మైకు పనిచెయ్యలేదు. అలవాటుగా అనేశాను. వెనక వరసలో ఎవరో దగ్గారు. ఆడవాళ్ళంతా తలలు దించుకున్నారు."

"నవ్వుకోడానికా?"

"కొందరు నవ్వలేదు."

"వాళ్ళే నాక్కావలసినవాళ్ళు."

"ఇంకా ఎవరూ పైకి అనలేదు. అనుకోవట్లేదు కూడా. ఏదో పోలిక, అంతే. ఇక్కడితో ఆపెయ్. ఏం కావాలో అడుగు."

"నువ్వు ఆపావా? నేను అడిగితే ఆపావా?"

"భార్యాభర్తల మధ్య సవాలక్ష ఉంటాయి. కొట్టానా? తిట్టానా? నిన్ను ఒక్క దెబ్బ వేశానా చెప్పు."

"లేదు. అందుకేగా ఎవరికీ చెప్పుకోలేకపోయాను. మా అమ్మకి చెప్తే, కొట్టలేదు కదా, ఇంకేం కావాలే, అంది. మీ అమ్మకి చెప్తే, గదిలో మాటలు గదిలోనే ఉండాలి, అంది. పెద్దమనుషుల్లో కూర్చోబెట్టి అడిగితే, లైటు ఆర్పడు, కుర్చీ వేసుకుని కూర్చుంటాడు అన్నాను. వాళ్ళు మొహాలు చూసుకున్నారు. కూర్చోవడం కూడా తప్పేనామ్మా, అన్నారు."

"నిజమే కదా. ఎవరు నమ్మారు నిన్ను?"

"ఒక్కళ్ళూ నమ్మలేదు. అందుకే ఈసారి చెప్పలేదు, రాశాను. నిజమంటే సాక్ష్యం అడుగుతారు. కథంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఆ సీను వచ్చినప్పుడు మా అమ్మ పక్కనే కూర్చున్నాను. అది నేను రాశానని ఆవిడకి తెలియదు. ముక్కు చీదుకుని, ఎవరు కన్న పిల్లో పాపం, అంది. నేను టీ పెట్టుకొస్తానని లేచాను."

"సరే. నాది తప్పే అనుకో. ఒప్పుకుంటున్నాననుకో. ఆ మాట తీసెయ్."

"అనుకో అంటే ఒప్పుకున్నట్టు కాదు. ఇంకోటి చెప్పనా? నువ్వు ఊరుకుని ఉంటే ఆ సీరియల్ ఈపాటికి పోయేది. చూసే దిక్కు లేదని ఛానల్ వాళ్ళు మూసేస్తామన్నారు. ఇంతలో నువ్వు జెండా పట్టుకుని వీధిలోకొచ్చావు. దీన్ని ఎవరూ చూడకూడదన్నావు. ఊరు ఊరంతా చూసింది. నీ దయ వల్ల ఇంకో ఏడాది పొడిగించారు."

"నాకు తెలియదు నువ్వని."

"తెలియకుండానే నా పని చేసిపెట్టావు. తెలిసి ఎప్పుడైనా చేశావా?"

"ఇప్పుడేం చేస్తావ్?"

"నేనా? ఏం చెయ్యను. ఆ మొగుడు ఏం ఉద్యోగం చేస్తాడో ఇంతవరకూ చూపించలేదు. గమనించావా?"

"ఏమంటున్నావ్."

"ఇంటికి రావడం, వెళ్ళడం, అంతే. వచ్చే శుక్రవారం ఎక్కడికెళ్తాడో చూపిస్తాం. షూటింగు కూడా అయిపోయింది. గేటు, గంట, చేతిలో సుద్దముక్క. పదిన్నరకి. పిల్లల్ని పడుకోబెట్టి చూడు."

"నా స్కూలు పోతుంది."

"పోనీ."

"నా భార్య ఉంది. ఆవిడేం చేసింది నీకు? ఆవిడ మొహం ఎక్కడ పెట్టుకుంటుంది?"

"నీ భార్యా? ఊరంతా తిరిగి సంతకాలు పోగేసింది ఆవిడే కదా. టీవీలో కూర్చుని, ఇలాంటివి రాసే ఆడది ఒక్కరోజు కూడా సంసారం చేసి ఉండదు, అంది. నేను విన్నాను. నా స్థానంలో కూర్చుని నన్నే అంది. మీ ఇద్దరికీ కలిపే రాశాను అనుకో."

"ఆవిడ అమాయకురాలు. నీలాగా మొండిది కాదు. నేనేం చెప్తే అది. మా ఇంట్లో ఏ గొడవా లేదు, కావాలంటే కనుక్కో."

"వచ్చిందా?"

"ఎవరు?"

"అమాయకురాలు. బయట బెంచీ మీద బొద్దుగా ఒకావిడ కూర్చుంది. ఒళ్ళో బ్యాగు గట్టిగా పట్టుకుని. ఆవిడేనా?"

"ఆవిడకేం తెలియదు. నీ గురించి ఒక్క మాట చెప్పలేదు నేను. నువ్వూ చెప్పకు."

"చచ్చిందనీ చెప్పలేదా?"

"వస్తున్నారు. గొంతు తగ్గించు."

అధికారి తిరిగి వచ్చాడు.

"వైరు దొరికింది, తెర చెడిపోయింది. గవర్నమెంటు ఆఫీసు ఇలాగే ఏడుస్తుంది. చూడటం లేదు, వినడంతోనే ముగిద్దాం. ప్రిన్సిపాల్‌గారూ, మీ సాక్షిగా మహిళా విభాగం అధ్యక్షురాలు, మీ శ్రీమతి గారు అని ఉంది. బయట ఉన్నారా?"

"ఉందండీ. కాని పిలవక్కర్లేదు. ఆవిడకి ఒంట్లో నలతగా ఉంది. నేను చెప్పింది చాలు."

"పిలవండి సార్."

"మీకెందుకమ్మా?"

"మొదటి సంతకం ఆవిడదే. నన్ను పదిమందిలో అన్నది ఆవిడ. నా ఎదురుగా అనే అవకాశం ఆవిడకివ్వాలి కదా. న్యాయం."

"అదీ నిజమే. అమ్మా, బయట ఉన్నవారూ, లోపలికి రండి. తలుపు వేసెయ్యండి. అక్కడ కాదు, ఇలా కుర్చీలో కూర్చోండి. కంగారు పడకండి, ఇదేం కోర్టు కాదు."

"నమస్కారమండీ."

"నమస్కారం. వీరు ఆ సీరియల్ రాసిన ఆవిడ."

"ఈవిడేనా?"

"నేనేనమ్మా. సంసారం చెయ్యని ఆడదాన్ని. బాగా చూసుకోండి. అన్నారా లేదా? టీవీలో?"

"అన్నానండీ."

"మీ సొంత మాటేనా?"

"సార్, సాక్షిని ఆవిడ ప్రశ్నించడమేంటి?"

"అవునమ్మా, నన్నడగనివ్వండి. చూడండమ్మా, ఈ ఎపిసోడ్ మీరు చూశారా?"

"చూశానండీ."

"మొత్తమా?"

"మొత్తం. ఆ గది సీను మాత్రం మళ్ళీ మళ్ళీ పెట్టుకుని చూశాను."

"మళ్ళీ మళ్ళీనా? ఎప్పుడు చూశావ్?"

"మీరు స్కూలుకెళ్ళాక."

"చూశారా, నేను చెప్పలా? మా అత్తగారూ అంతే. తప్పేం లేదమ్మా, ఫిర్యాదు చెయ్యాలంటే శ్రద్ధగా చూడాలి. సరే, చూశాక మీకేమనిపించింది?"

"ఇది మన కుటుంబ వ్యవస్థకు గొడ్డలిపెట్టు అనీ, స్త్రీ గౌరవానికి భంగకరమనీ, భావి తరాల మనసుల్లో... మనసుల్లో..."

"ఆగండమ్మా. ఈ ముక్కలన్నీ ఫిర్యాదులో ఉన్నాయి. కంఠస్థం వద్దు. మీకు, మీ మనసుకి ఏమనిపించింది?"

"నాకా అండీ?"

"మీకే."

"చెప్పు. వచ్చేటప్పుడు అనుకున్నాంగా, అదే చెప్పు."

"మర్చిపోయానండీ."

"ఇంట్లో బాగానే చెప్పావ్. గుర్తు తెచ్చుకో. గుర్తొచ్చాకే చెప్పు, నాకేం తొందర లేదు."

"ఏమన్నారు ప్రిన్సిపాల్‌గారూ?"

"నేనేమన్నాను?"

"ఏం లేదు. ఏం లేదండీ. ఈ ఫ్యాన్ చప్పుడులో సరిగ్గా వినపడలేదు."

"ఆవిడ గాభరా పడుతోంది. అందుకే పిలవొద్దన్నాను. పద, లే, బయట కూర్చో."

"కూర్చోనివ్వండి. మీరు కాసేపు మాట్లాడకండి."

"సార్, ఆవిడ్ని వదిలెయ్యండి. నేనడగాల్సింది ఏమీ లేదు."

"ఇప్పుడే కదమ్మా పిలవాల్సిందేనన్నారు."

"అన్నాను. ఇప్పుడొద్దంటున్నాను. ఆవిడ్ని వెళ్ళనివ్వండి."

"ఫర్వాలేదండీ. చెప్తాను."

"చూడమ్మా, నాకు మాత్రం తొందర... అబ్బ, ఈ పాడు మాట. మెల్లగా చెప్పండి. మధ్యేమార్గం ఒకటుంది. ఆ మాట ఉంచేద్దాం. ఆ ఏడుపు, ఆ కుర్చీలో కూర్చుని చూడటం, కాస్త తగ్గించి వేసుకోమని ఛానల్‌కి రాస్తాను. ఇంటి ఆడవాళ్ళ తరఫున మీ మాట రాసుకుని ఫైలు మూసేస్తాను. తగ్గిస్తే మీకు సమ్మతమేనా?"

"సమ్మతమే అని చెప్పు."

"తగ్గించడానికి అందులో ఏముందండీ. అక్క తగ్గించే రాసింది."